తొడిమ ఉన్న పండు

కోత మొదలైన రోజున మా నూజివీడు వైపు గాలికి ఒక వాసన వస్తుంది. అది పండు వాసన కాదు, దానికి ఇంకా పది రోజులు పడుతుంది. కాయను కొమ్మ నుంచి తెంపగానే తొడిమ దగ్గర చిమ్మే సొన వాసన అది. కర్పూరమూ కిరసనాయిలూ కలిపినట్టు ఘాటుగా ఉంటుంది. పోయిన నెల హనుమాన్ జంక్షన్‌లో బస్సు కోసం నిలబడి ఉంటే కాయల లోడుతో ఒక లారీ వచ్చి నా ముందే ఆగింది. అప్పుడే కోసిన కాయ. ఆ వాసన తగలగానే పక్కనున్న టీకొట్టు బల్ల మీద కూర్చుండిపోయాను. కొట్టతను నీళ్ళ గ్లాసు అందిస్తూ, "షుగరాండీ?" అని అడిగాడు. కాదన్నాను. అసలు కారణం అతనికి చెప్పాలంటే బస్సు తప్పిపోయేది. ఇక్కడ ఆ తొందర లేదు కాబట్టి మొదటి నుంచీ చెబుతాను.

మా వైపు రెండు మూడు ఊళ్ళలో ఒక మాట ఇప్పటికీ వినిపిస్తుంది. హవల్దార్ భూషణం శ్రీలంకలో డ్యూటీలో ఉండగా మామిడిపండ్ల మీద ఆశపడి, తన కింద పనిచేసే సిపాయిని పంపి, అతని కాలు పోగొట్టాడని. ముప్పై ఏళ్ళకు పైగా ఆ మాట తిరుగుతోంది. భూషణం గారు పోయి ఏడాదైంది కానీ మాట మాత్రం పోలేదు. అది నిజం కాదు. ఆ సంగతి మా ఊళ్ళో నాకంటే బాగా తెలిసినవాడు లేడు, ఎందుకంటే ఆ మాట పుట్టించింది నేనే.

మాకు పన్నెండు ఎకరాల మామిడి తోట ఉంది. భూషణం గారి నాన్న, తాతలు మా తోటలో కాయ కోసినవాళ్ళు. వాళ్ళమ్మ తోటలోనే గుడిసె వేసుకుని కాపలా ఉండేది. ఆయన పద్దెనిమిదో ఏట సైన్యంలో చేరారు. నేను ఇంటర్ రెండుసార్లు తప్పి, నాన్నతో గొడవపడి, రిక్రూట్‌మెంట్ జరుగుతోందని తెలిసి విజయవాడ వెళ్ళి చేరాను. శ్రీలంకలో అంతర్యుద్ధం జరుగుతుంటే శాంతి కోసమని మన సైన్యాన్ని పంపిన రోజులవి. ఉత్తర భాగంలో ఒక చిన్న ఊరి అంచున, మూతపడిన సహకార సంఘం గోదాములో మా పోస్టు. ముప్పై మందిమి. నేను లారీ దిగేసరికి ఎదురుగా గోదాము అరుగు మీద చేతిలో చిన్న అద్దంతో గడ్డం గీసుకుంటున్న మనిషి మా భూషణం. ప్రాణం లేచివచ్చింది. అందరూ వింటుండగా, "ఏంటి భూషణం, బాగున్నావా?" అన్నాను.

నాకు అప్పుడు ఇరవై ఒకటి, ఆయనకు ముప్పై ఐదు. ఆయన భుజం మీద మూడు పట్టీలున్నాయి. సబ్బు నురగ తుడుచుకుని, నా దగ్గరికి వచ్చి, గొంతు పెంచకుండా అన్నారు: "బాగున్నాను. ఊళ్ళో నీ ఇష్టం. ఇక్కడ నేను హవల్దార్ని."

ఆ తర్వాత నా పెట్టె ఎక్కడ పెట్టుకోవాలో, తాగే నీళ్ళు ఏ డ్రమ్ములో ఉంటాయో చూపించారు. మధ్యాహ్నం పార ఇచ్చి ఇసుక బస్తాలు నింపమన్నారు. మా ఇంట్లో పార పట్టేవాళ్ళను చూడటమే తప్ప నేను పట్టింది లేదు. గుప్పెడు గుప్పెడు పోస్తుంటే వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది. "సంచి నింపుతున్నావా శ్రీనివాస్, పెళ్ళికి పసుపు కొడుతున్నావా?" అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మా నాన్న ముందు తలపాగా తీసి చంకలో పెట్టుకునే ఇంటి మనిషి నన్ను నలుగురిలో ఎగతాళి చేశాడన్న మంట చాలా రోజులు ఉంది. ఆ మంట సంగతి దాచకుండా చెప్పడం అవసరం. తర్వాత జరిగినదాంట్లో దానికీ వాటా ఉంది.

యుద్ధం అంటే ఎప్పుడూ కాల్పులని నేననుకున్నాను. పోస్టులో మా జీవితం ఎక్కువగా ఎదురుచూపు. పొద్దున్నే ఆరుగురు వెళ్ళి రోడ్డు మీద మందుపాతర్లు లేవని చూసుకుని వస్తే అప్పుడు ఆ రోడ్డు మీద మా బండ్లు తిరిగేవి. ఆ తర్వాత చెక్‌పోస్టు దగ్గర సైకిళ్ళ క్యారేజీల మీది సంచులు విప్పించి చూడటం. ఎదుటివాడు మన వంక ఎలా చూస్తున్నాడో తెలిసీ తెలియనట్టు ఉండటం. మధ్యాహ్నం పప్పు, రొట్టె. ఎండకు కాలిపోయే రేకుల కింద చెమట. వానొస్తే సెంట్రీ గుంటలో మోకాలి లోతు నీళ్ళు. ఉత్తరాలు మూడు వారాలకోసారి వచ్చేవి. డబ్బాల్లో వచ్చే గుడ్ల పొడిని నీళ్ళలో కలిపి అట్టు పోస్తే, మా బసప్ప దాన్ని చేత్తో ఎత్తి పట్టుకుని, "ఈ కోడి బూట్లు వేసుకుని పెట్టిందా?" అనేవాడు. బసప్పది బీజాపూర్ వైపు మెట్ట పల్లె. నా పక్క మంచం అతనిదే. తెలుగు, కన్నడం, హిందీ కలిపి ఒక భాష తయారుచేసుకుని అందరితో అందులోనే మాట్లాడేవాడు. ఎవరేం చెప్పినా లేచి చేసిపెట్టే గుణం ఉండేది.

ఆ విసుగులో మనుషులు చెడిపోకుండా చూడటమే భూషణం గారి అసలు పని అని నాకు తర్వాత అర్థమైంది. ఆయన ఏ రోజూ గడ్డం మానలేదు, మమ్మల్నీ మాననివ్వలేదు. బావి దగ్గరికి నీళ్ళకు వచ్చే ఆడవాళ్ళు ఎదురైతే తుపాకీ గొట్టం నేలవైపు దించి పక్కకు నిలబడాలని చెప్పారు. చెక్‌పోస్టులో ఎవరి సంచి విప్పించినా మళ్ళీ మనమే సర్ది ఇవ్వాలన్నారు. ఒకసారి నేను ఒక ముసలాయన సంచిలోని బియ్యం రోడ్డు మీద ఒలకబోశాను. కావాలని కాదు, అలాగని జాగ్రత్తపడిందీ లేదు. భూషణం గారు కింద కూర్చుని గింజ గింజ ఏరడం మొదలుపెట్టారు. హవల్దార్ రోడ్డు మీద కూర్చుని బియ్యం ఏరుతుంటే సిపాయిని నేను నిలబడి చూస్తూ ఉండలేను కదా. నేనూ కూర్చున్నాను. ఇద్దరం ఏరి సంచిలో పోశాక ఆ ముసలాయన మా వంక చూడకుండానే సైకిలెక్కి వెళ్ళిపోయాడు. మా ఇద్దరి మధ్య ఉన్న మంట నా వైపు నుంచి మొదటిసారి కొంచెం తగ్గింది ఆ రోజే.

రోడ్డు చూడటంలో ఆయన చేతిలోని మందుపాతర్లు పట్టే యంత్రం కంటే కళ్ళను ఎక్కువ నమ్మేవారు. దాని గురించి అడిగితే తోట భాషలో చెప్పారు. వాళ్ళ నాన్న ఏ చెట్టు కిందికైనా వెళ్ళేముందు దాన్ని చుట్టూ తిరిగి నాలుగు వైపులా చూసేవాడట. కందిరీగల పట్టు, ఎండిన కొమ్మ, మొదలు దగ్గర పాము, ఏదైనా ఉండొచ్చు. "కాయ మీద కన్నేసినవాడికి కింద ఏముందో కనపడదు," అన్నారు. ఇంకో రోజు అదే మాటల మధ్య ఇంకొకటి చెప్పారు. పండి, చెట్టు తనంతట తాను వదిలిన పండుకు తొడిమ ఉండదు. తొడిమ కొమ్మకే ఉండిపోతుంది. పండుకు తొడిమ ఉందంటే మనిషి చెయ్యి పడినట్టే. ఇది మా తోటలో కోతకు వచ్చే ప్రతివాడికీ తెలుసు. పన్నెండు ఎకరాల తోట ఉన్నవాడి కొడుకుని, నాకు ఆ రోజు దాకా తెలియదు.

పోస్టు ముళ్ళకంచెకు ముప్పై అడుగుల దూరంలో ఒక మామిడి చెట్టు ఉండేది. దాని వెనక తాటాకుల దడి, దడి వెనక ఇల్లు. ఇంట్లో ఒక ముసలావిడ ఒక్కతే ఉండేది. ఊళ్ళో అందరూ ఆవిడను ఆచ్చి అనేవాళ్ళు, అమ్మమ్మ అన్నట్టు. మేమూ అలాగే పిలిచాం. ఆ చెట్టు కాయ ఆ ప్రాంతంలో పేరున్న రకం. పేరులో కొలంబో వినపడేది కానీ కొలంబోలో కాయదని ఆచ్చి నవ్వేది. ఏప్రిల్ నెలలో మా కంపెనీ కమాండర్ మేజర్ వచ్చి, ఆ చెట్టు సెంట్రీ చూపుకు అడ్డం వస్తోంది, కొట్టేయమన్నాడు. ఆయన మాటలో తప్పులేదు, నిజంగానే అడ్డం. అప్పుడు భూషణం గారు అటెన్షన్‌లో నిలబడి అడిగిన మాట నాకు గుర్తుంది.

"సాబ్, కాయ మీదుంది. టెంక ఇంకా ముదరలేదు. పదిహేను రోజులివ్వండి. కాయ దించి ఆవిడకిచ్చేసి, చెట్టు నేనే కొడతాను."

మేజర్ ఆయన్ను చూసి, "నీ బాధ్యత మీద," అన్నాడు. సైన్యంలో ఆ మాట బరువు ఎంతో మాకందరికీ తెలుసు. ఆ ఏడాదే భూషణం గారికి నాయబ్ సుబేదార్‌గా ప్రమోషన్ రావాలి. కాగితాలు పైకి వెళ్ళి ఉన్నాయి. భుజం మీద నక్షత్రంతో ఊరికి వెళితే వాళ్ళమ్మ చూడాలన్నది ఆయన కోరిక. ఎప్పుడూ కోరికలు చెప్పుకోని మనిషి, ఆ ఒక్కటి మాత్రం నాతో చెప్పారు. కాయ మీదున్న చెట్టును కొట్టడం మా తోటల్లో కోతవాళ్ళెవరూ చేయరు. అది వాళ్ళ చేతికి రాదు. ఆ చేతకానితనం కోసం ఆయన తన నక్షత్రాన్ని పందెంగా పెట్టారు.

ఆ పదిహేను రోజులూ ఆయన మాకు ఒక్కటే ఆజ్ఞ ఇచ్చారు. కంచె దాటి ఎవరూ చెట్టు దగ్గరికి వెళ్ళకూడదు. ఏదైనా పండు రాలితే తనకు చెప్పాలి, తను వచ్చి చూస్తారు. మొదటి పండు రాలిందంటే చెట్టు కోతకు వచ్చిందని గుర్తు. రోజూ ఎనిమిది గంటలకు, రోడ్డు పని అయ్యాక, పొడుగాటి కర్రతో ఆ ముప్పై అడుగుల నేలను తడుముకుంటూ తనొక్కరే వెళ్ళి వచ్చేవారు. తీరిక దొరికితే గోడ నీడన కూర్చుని కాయ కోసే చిక్కం తయారుచేశారు. వెదురు బొంగు ఆచ్చి ఇచ్చింది. చివరన వలసంచి మాత్రం మా బండ్ల మీద కప్పే పచ్చవల ముక్క. దాన్ని అల్లుతుంటే చూశాను. తుపాకీ శుభ్రం చేసేటప్పుడు కూడా ఆ వేళ్ళలో అంత ఇష్టం కనపడలేదు. బసప్ప పక్కన కూర్చుని, "సాబ్, నాకు ఒక పండు? ఒకే ఒకటి?" అని రోజూ అడిగేవాడు. వాళ్ళ వైపు మామిడి తోటలు లేవు. "ఆచ్చిని అడుగుతాన్లే," అనేవారు ఆయన.

పన్నెండో రోజు. పొద్దున్న ఆరున్నర. భూషణం గారు రోడ్డు మీదికి వెళ్ళారు. సెంట్రీలో నేనూ బసప్పా ఉన్నాం. వెలుగు బాగా పరుచుకుంటుంటే, చెట్టుకు ఇవతల, మా కంచెకు పదిహేను అడుగుల్లో ఒక పండు కనపడింది. పచ్చటి పసుపు. మా ఇంట్లో చెట్టున పండి రాలిన మొదటి పండును కాపలావాళ్ళు తెచ్చి మా నాన్న చేతికి ఇచ్చేవాళ్ళు. ఆ రుచి వేరు. కొద్ది రోజులుగా దాని గురించి బసప్పకు గొప్పలు చెబుతున్నాను. ఇప్పుడు అది కళ్ళెదురుగా ఉంది. నాకు ఆజ్ఞ గుర్తుంది. గుర్తుండీ అన్నాను. నా మాటలు మార్చకుండా రాస్తున్నాను.

"అదిగో చెట్టుపండు. వెళ్ళి పట్టుకురా బసప్పా, హవల్దార్ వచ్చేలోపు కోసుకుందాం."

నేనెందుకు వెళ్ళలేదని నన్ను ఎవరూ అడగలేదు. నేను మాత్రం చాలా ఏళ్ళు అడుక్కున్నాను. భయం వల్ల కాదు. ప్రమాదం ఉంటుందన్న ఊహే నాకు లేదు. మా ఇంట్లో రాలిన పండును మేం వంగి తీసుకోం. ఎవరో ఒకరు తెచ్చిస్తారు. అంతే, అలవాటు. భూషణం గారు ఆరు నెలలు పార పట్టించినా నాలో ఆ అలవాటు చావలేదు. బసప్ప నవ్వుతూ కంచె సందులోంచి దూరాడు. ఆరేడు అడుగులు వేసి ఉంటాడు. నేను పండునే చూస్తున్నాను. పండుకు అంగుళం పొడుగు తొడిమ ఉంది. దాన్ని చూశాను కూడా. చూసి, ఎంత అందంగా ఉందో అనుకున్నాను.

శబ్దం గురించి రాయను. పొగ పోయాక బసప్ప ఎడమ కాలు మోకాలి కింద నుంచి లేదు. రోడ్డు మీంచి భూషణం గారు పరుగెత్తుకొచ్చారు. కంచె దగ్గర ఒక్క క్షణం ఆగి, నేలను చూసి, బసప్ప అడుగులు పడినచోటే తన అడుగులు వేసుకుంటూ వెళ్ళి, అతన్ని భుజానికెత్తుకుని, మళ్ళీ అవే అడుగుల్లో వెనక్కి వచ్చారు. కట్టు కట్టి, బండి ఎక్కించి పంపాక, ఇసుక బస్తాల దగ్గరికి దొర్లి వచ్చిన ఆ పండును తీసుకున్నారు. దానికి దెబ్బ కూడా తగల్లేదు. పండును తిప్పి తొడిమను చూశారు. తర్వాత నన్ను చూశారు. ఆయన ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఆ క్షణంలో నిజం చెప్పి ఉండేవాణ్ణని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట కూడా చెప్పుకోవడం లేదు.

పండును అక్కడ ఎవరు పెట్టారో, మందుపాతర ఎవరు పాతారో తెలియలేదు. ఆచ్చిని తీసుకెళ్ళి రెండు రోజులు అడిగి వదిలిపెట్టారు. వారానికి విచారణ జరిగింది. మేజర్‌తోపాటు ఇంకో ఇద్దరు అధికారులు మా గోదాములోనే బల్ల వేసుకుని కూర్చున్నారు. బసప్ప అప్పటికి మద్రాసు ఆసుపత్రిలో ఉన్నాడు, అతన్ని అడిగి తెలుసుకునే ఓపిక ఎవరికీ లేకపోయింది. నన్ను అడిగారు, బసప్ప కంచె ఎందుకు దాటాడని. నేను చెప్పాను: పండు రాలితే తెచ్చి తనకు చూపించమని హవల్దార్ మాకు ఆజ్ఞ ఇచ్చారు. తనకు చెప్పమన్న మాటను తెచ్చి చూపించమన్నట్టు తిప్పాను. చిన్న తిప్పు. అది కాగితం మీద రాసి, ఆయన పేరు, నా పేరు రాసి సంతకం పెట్టాను. గోడకు ఆనించి ఉన్న చిక్కాన్ని చూసి మేజర్ ఇదేమిటన్నాడు. మామిడికాయలు కోసేదని చెప్పాను. అదీ నిజమే. దానికి ఒక చీటీ కట్టి కాగితాలతోపాటు పట్టుకెళ్ళారు.

తర్వాత ఆయన్ను పిలిచారు. నేను గుమ్మం పక్కనే ఉన్నాను. నా వాంగ్మూలం చదివి వినిపించి, నిజమేనా అని అడిగారు. ఆయన గొంతు వినపడింది: "ఆ చెట్టు బాధ్యత నాదే సాబ్."

ఆ సాయంత్రమే చెట్టును కొట్టించారు. వేరేవాళ్ళు కొట్టారు. ఆయన కింద పడిన పచ్చికాయలను ఒక్కొక్కటే ఏరి, సొన కారిపోయేలా తొడిమ కిందికి పెట్టి వరసగా ఆచ్చి దడి పక్కన పేర్చారు. ఆచ్చి బయటికి రాలేదు. ఆ వాసన పోస్టంతా నిండిపోయింది. జంక్షన్‌లో నాకు తగిలింది ఆ వాసనే.

రెండు రోజుల తర్వాత ఇద్దరం బస్తాలు నింపుతున్నాం. ఆగలేక అడిగాను. "ఎందుకు చెప్పలేదండీ, నేను అబద్ధమాడానని?"

ఆయన పార ఆపలేదు. "మా అమ్మ మీ తోటలోనే ఉంది కదా శ్రీనివాస్."

ఒక్క మాట. నేను వాంగ్మూలం ఇస్తున్నప్పుడు నాకు అది తట్టలేదని రాస్తే ఈ రాత మొత్తం వృథా. తట్టింది. ఆయన ఎదురుచెప్పరని నాకు లోపల ఎక్కడో తెలుసు. సముద్రం అవతల, ఆయన భుజం మీద మూడు పట్టీలు, నా భుజం ఖాళీ. అయినా మా నాన్న తోట మా ఇద్దరి మధ్య నిలబడే ఉంది. పార పట్టి బస్తా నింపడం నేర్చుకున్నంత తేలికగా దాన్ని వాడుకున్నాను.

ప్రమోషన్ కాగితాలు వెనక్కి వచ్చాయి. ఇంకా పాపం ఏమిటంటే, ఇంటికి రాసిన ఉత్తరంలో కూడా నేను అదే అబద్ధం రాశాను. నాన్న దాన్ని కాయలు ఏరే కుప్ప దగ్గర అందరికీ చదివి వినిపించాడట. భూషణం గారి అమ్మ ఆ కుప్ప దగ్గరే ఉంది. అంత జరిగినా ఆవిణ్ణి తోటలోంచి పంపించకపోవడం తన మంచితనమని నాన్న చాలాకాలం చెప్పుకున్నాడు.

ఆయన హవల్దార్‌గానే రిటైరై వచ్చి, విస్సన్నపేట దగ్గర వాళ్ళ పాలెంలో ఇల్లు కట్టుకుని, మళ్ళీ చిక్కం పట్టుకున్నారు. నేను ఏడేళ్ళకే సైన్యం వదిలి వచ్చేశాను. నాన్న తర్వాత తోట నా చేతికి వచ్చింది. ప్రతి ఏడాదీ ఆయన కోతవాళ్ళ ముఠాతో మా తోటకు వచ్చేవారు. అక్కడ నువ్వు అన్న మనిషి ఇక్కడ మీరు అన్నారు. నేనేమో అక్కడి అలవాటు కొద్దీ అండీ అంటే ముఠాలో కుర్రకారు ఒకరినొకరు చూసుకునేవాళ్ళు. ఒకతను నా ఎదురుగానే, "హవల్దార్ గారూ, పండు కోసం ఎవర్నైనా పంపనా?" అన్నాడు. ఆయన చిక్కం దించకుండా, "నువ్వే ఎక్కరా, నీ కాళ్ళు బానే ఉన్నాయిగా," అన్నారు. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు. ఆ నవ్వు విని నేను షెడ్డులోకి వెళ్ళిపోయాను.

ఒకే ఒక్కసారి ధైర్యం చేశాను. కోత చివరి రోజు, ముఠా అన్నం తింటుంటే ఆయన్ను పక్కకు పిలిచి, అసలు జరిగింది అందరికీ చెప్పేస్తానన్నాను. ఆయన చేతికి అంటిన సొనను కొబ్బరినూనె రాసి తుడుచుకుంటున్నారు. "ఇప్పుడు ఎవరికి చెబుతారు బాబుగారూ?" అన్నారు. కోపం లేదు. "వినాల్సింది మా అమ్మ. ఆవిడ పోయి ఎనిమిదేళ్ళయింది." ఆ తర్వాత, ఈసారి చిన్నరసాలకు పురుగు తగిలింది, వచ్చే ఏడు మందు ముందే కొట్టించమని చెప్పి, అన్నం తినడానికి వెళ్ళారు. ఆ మాటను నేను క్షమగా మార్చుకుని ఇంకో పదిహేనేళ్ళు నోరు మూసుకున్నాను. అది క్షమ కాదు. తన పని తను చూసుకోవడం.

ఇప్పుడు నాకు యాభై ఆరు. తోటలో రాలిన పండు కనపడితే నేనే వంగి తీస్తాను, నడుము నొప్పి ఉన్నా సరే. తీసి, ముందు తిప్పి తొడిమ చూస్తాను. బజార్లో కొన్న పండునైనా అలాగే తిప్పుతాను. మా ఆవిడకు అది నా చాదస్తం. ఎవరి సంచినైనా విప్పితే మళ్ళీ నేనే సర్దుతాను. ఏ చెట్టు దగ్గరికైనా చుట్టూ తిరిగే వెళతాను. ఆయన నాకు నేర్పినవన్నీ నా ఒంటికి పట్టాయి. ఒక్క నిజం చెప్పడం మాత్రం ఆయన పోయాక గానీ రాలేదు. బసప్పకు ఉత్తరం రాశాను. వాళ్ళబ్బాయి చేత జవాబు రాయించాడు, తనకూ ఆ పండు తినాలనే ఉందని, అందులో నన్ను తప్పుపట్టలేనని. అతను తప్పుపట్టకపోయినా ఇది మాయదు.

ఇదంతా రాసి మొదట తీసుకెళ్ళింది భూషణం గారి అమ్మాయి సుజాత దగ్గరికి. ఆవిడ వాళ్ళ పాలెంలోనే అంగన్‌వాడీ టీచరు. పిల్లల్ని ఇళ్ళకు పంపాక, చాప మీద కూర్చుని కాగితాలన్నీ చదివింది. మధ్యలో ఒకచోట ఆగి వెనక్కి తిప్పి మళ్ళీ చదివింది. ఎక్కడో నాకు కనపడలేదు. నేను ఎన్ని మాటలకు సిద్ధపడి వెళ్ళానో అవేవీ ఆవిడ అనలేదు.

"మా నాన్న ఉండగా చదవాల్సిందండీ ఇది," అంది.

అవునన్నాను.

మళ్ళీ మొదటి కాగితం తీసి, "అంతా భూషణం, భూషణం అనే రాశారు. మా ఇంటిపేరు లేదేంటండీ?" అంది.

ఆ ఇంటిపేరు నాకు తెలుసు. మా నాన్న నోట కానీ, మా తోటలో ఎవరి నోట కానీ ఎప్పుడూ వినలేదు. నేను రాసింది మాత్రం ఒక్కసారే, ఆ గోదాములో, ఆ వాంగ్మూలం మీద. అబద్ధం రాసినప్పుడు ఆయన పేరు పూర్తిగా రాశాను. నిజం రాస్తూ మళ్ళీ మా తోట పిలిచే పేరుతోనే పిలిచాను.

"రాయండి," అంది సుజాత, కాగితాలు నా చేతికిస్తూ. "చదివేవాళ్ళకు ఎవరో తెలియాలిగా."

పై కాగితాల్లో పేరు మార్చలేదు. నేను ఆయన్ను ఎలా పిలుస్తూ వచ్చానో అది అలాగే కనపడాలి. ఇక్కడ మాత్రం రాస్తున్నాను. ఆయన కొండేటి నాగభూషణం, హవల్దార్. విస్సన్నపేట దగ్గర పాలెంలో పుట్టి, అక్కడే పోయారు. ఆ పొద్దున్న బసప్పను చెట్టు దగ్గరికి వెళ్ళమన్నది ఆయన కాదు. నేను.